ఉప్పునీళ్ల సీసా

నేతపని ఇనుప పంజా ఎత్తిన చేయి ఎత్తినట్టే ఉంది.

"చెప్తవా, చెప్పవా?" అన్నాడు భరత్.

సుహాసిని జుట్టు అతని ఎడమ పిడికిట్లో ఉంది. ఆమె మోకాళ్ల మీద కూలబడి, కుడిచేత్తో మగ్గం కర్రను పట్టుకుని ముందుకు పడకుండా ఆపుకుంటోంది. సగం నేసిన జంపకానా మీద గాజు ముక్కలు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఎర్ర చారల నడుమ ఆకుపచ్చ గాజు.

"ఏం చెప్పాలె? రోజు పెట్టినట్టే పెట్టిన."

"రోజు పెట్టినట్టే పెడితె వాని కన్ను ఇట్లెందుకైతది?"

మధు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ కంటిని రెండు చేతులతో కప్పుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారి మోచేతుల మీదుగా లుంగీ మీద పడుతున్నాయి. పొద్దున వదిన కంట్లో అద్దం పెట్టినప్పుడే మండింది. గుమ్మంలో అన్న నిలబడి చూస్తున్నాడని ఏమీ అనకుండా ఓర్చుకున్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి రెప్ప విప్పలేకపోయాడు.

"అన్నా, ఇడిచిపెట్టు. వదినె తప్పేం లేదు."

"నువ్వు నోర్ముయ్! నా పెండ్లాన్ని నేను అడుగుతాన్న. నడుమ నీకేం పని?"

"నా కన్నే గద అన్నా."

"కన్ను నీది. పెండ్లాం నాది. అది యాదికుంచుకో."

ఆ మాట ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరూ పైకి అనలేదు. బయట అందరూ అన్నారు. రోజూ పొద్దున వదిన మరిది ముఖం పట్టుకుంటుందట. ఊపిరి తగిలేంత దగ్గరికి వంగుతుందట. కొత్తవాడ చాయ్ హోటల్లో భరత్ చెవిన పడేలాగే అన్నారు. మొదట్లో నవ్వేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

చిలుకమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. కొంగు ముడిని రెండు చేతులతో నలుపుతోంది. పెద్దకొడుకు కోడలిని ఈడ్చినప్పుడు ఆమె నోరు విప్పలేదు. గాజులు పగిలినప్పుడూ విప్పలేదు. మామూలుగా ఆమె నోటికి వాడంతా జడుస్తుంది.

"అవ్వా, నువ్వన్న చెప్పు," అన్నాడు మధు. "నిన్న ఉప్పునీళ్ల సీసను తన్నింది ఎవరు?"

చిలుకమ్మ కొంగు ముడిని ఇంకా గట్టిగా నలిపింది. భరతే చెప్పాడు.

"నేనే తన్నిన. ఐతేంది? సగం నీళ్లు మిగిలినయని అవ్వనే ఎత్తి పెట్టె. ఆ మిగిలిన నీళ్లల్ల ఇది ఏం కలిపిందో అడుగుతాన్న."

"నేనెందుకు కలుపుత?" సుహాసిని తల తిప్పబోయింది. అతను జుట్టు గుంజాడు. ఆమె మెడ వెనక్కి వంగింది. అలా వెనక్కి వంగిన మెడతోనే అంది. "కలిపేదాన్నయితె ఇన్నొద్దులు ఎందుకు కాపాడుత?"

"ఎందుకు కాపాడుతానవో అదే నాకు తెల్వాలె."

సుహాసిని అతని ముఖంలోకి చూసింది.

"హైదరాబాద్ దవాఖాన్ల డాక్టర్ మేడం మొదలు నిన్నే పిలిచింది. అద్దం పెట్టుడు నేర్పిస్త రమ్మన్నది. కంట్లె వేలు పెట్టుడా, నాకు ఒళ్లు జలదరిస్తదని బయటికి ఉరికింది నువ్వు కాదా? చాయ్ తాగొచ్చినవ్. నువ్వు చాయ్ తాగినంతసేపట్ల నేను నేర్చుకున్న."

పంజా దిగింది.

పోగు మీద పోగును దిగ్గొట్టే ఇనుప పళ్ల పనిముట్టు అది. చేతినిండా బరువు. మగ్గం కర్ర మీద పడింది. కర్ర మీద ఆమె వేళ్లున్నాయి.

సుహాసిని అరవలేదు. నోరు తెరిచింది, గాలి మాత్రం వచ్చింది. అరిచింది మధు.

"ఏం కొట్టినవ్? ఏం కొట్టినవ్రా?"

అన్నను రా అనడం అదే మొదలు. లేచాడు, రెండు చేతులూ ముందుకు చాపుకుని వచ్చాడు, నూలు కండెల గంప తగిలి బోర్లా పడ్డాడు. కండెలు గచ్చు మీద దొర్లిపోయాయి.

వెనుక రంగుల కొట్టంలోంచి సారంగపాణి అప్పుడే వచ్చాడు. మోచేతుల దాకా నీలం. చేతుల నుంచి రంగు కారుతోంది. కోడలి చేయి చూశాడు. పెద్దకొడుకు చేతిలో పంజా చూశాడు. దగ్గరికి నడిచి భరత్ చెంప మీద కొట్టాడు.

ఒక్క దెబ్బే. భరత్ తల పక్కకు తిరిగింది. చెంప మీద ఐదు వేళ్లూ నీలంగా దిగాయి.

"బాపూ!"

"పంజా కింద పెట్టు."

భరత్ పెట్టలేదు. సారంగపాణి అతని మణికట్టు పట్టుకుని తిప్పాడు. పంజా గచ్చు మీద పడి మోగింది.

పక్కింటి గోడ మీదుగా యాదవ్వ గొంతు వినిపించింది.

"ఏందే చిలుకమ్మా, పండుగ లేదు పబ్బం లేదు, యాట కోస్తాన్రా ఏంది? మా వంతు కూర పంపుతవా లేదా?"

చిలుకమ్మ అప్పటికి నోరు విప్పింది.

"ఏంలేదక్కా. పంజా జారి పడ్డది."

సుహాసిని అత్త వైపు చూసింది. చిలుకమ్మ చూపు దించుకుంది.

"జారి పడితె అంత సప్పుడా?" అంది గోడవతల గొంతు. కొంతసేపటికి ఆ అడుగులు దూరమయ్యాయి.

సుహాసిని లేచి నిలబడింది. కుడిచేతిని పొట్టకు అదుముకుంది. చూపుడువేలు, మధ్యవేలు పక్కకు ఒరిగి ఉన్నాయి. గోళ్ల కింద నెత్తురు.

"అద్దం తియ్యాలె," అంది. "మొదలు అద్దం తియ్యాలె."

ఆ ఇంట్లో దాన్ని అద్దమే అంటారు. డాక్టర్లు అనే పేరు నోరు తిరగదు. మధు నల్లగుడ్డు మీది పొర పల్చబడి, శంకులాగా ముందుకు పొడుచుకొచ్చింది. కుడికన్ను అప్పటికే పొర పగిలి తెల్లమచ్చ కట్టింది. ఎడమ కన్నొక్కటే మిగిలింది. దానికి మామూలు కళ్లజోడు పనిచేయలేదు. గిన్నెలాంటి పెద్ద గట్టి అద్దం చేసి ఇచ్చారు. అది నల్లగుడ్డును తాకదు, తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది. నడుమ ఖాళీలో దవాఖాన ఉప్పునీళ్లు నిండుగా పోసి, బుడగ లేకుండా పెట్టాలి. అది పెట్టుకున్నాకే మధు మళ్లీ మగ్గం ఎక్కాడు. అది పెట్టుకున్నాకే సుహాసిని ముఖం ఎలా ఉంటుందో మొదటిసారి సరిగ్గా చూశాడు. ఆ సంగతి నవ్వుతూ అందరి ముందూ చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది.

"దవాఖానకు తీస్కపోతె వాళ్లే తీస్తరు గద," అన్నాడు భరత్. చెంప తుడుచుకున్నాడు. రంగు పోలేదు.

"పోయేదాక ఆగద్దు. లోపల ఏమున్నదో ఏమో, అది నల్లగుడ్డు మీదనే నిలిచి ఉన్నది. ఎంతసేపుంటె అంత తింటది." ఆమె ఎడమచేత్తో అల్మారీలోంచి డబ్బా తీసింది. డబ్బాలోంచి వేలెడంత రబ్బరు పుల్ల తీసింది. పిల్లల బొమ్మ తుపాకి బాణం కొసకు ఉండే గిన్నెలాంటిది దాని చివర ఉంది. "రెప్పలు ఒక చెయ్యి ఇప్పి పట్టాలె. ఇంకో చెయ్యి దీంతోటి గుంజాలె. నాకు ఒక్క చెయ్యే ఉన్నది."

సారంగపాణి తన చేతులు చూసుకున్నాడు. రంగు గోళ్లలోకి, పగుళ్లలోకి పోయి ఏళ్లయింది. ఎంత కడిగినా రాదు.

చిలుకమ్మ చేతులు ముందుకొచ్చాయి. వెనక్కి తీసుకుంది.

"నువ్వు తియ్యి," అన్నాడు సారంగపాణి భరత్‌తో.

"నేనా?"

"తెగిన పోగును కండ్లకు కనవడకుండ అతుకుతవ్ గద. తియ్యి."

"నాకు చాతకాదు బాపూ."

"పెండ్లాం వేళ్లు ఇరగ్గొట్టుడు చాతనైంది."

భరత్ కదల్లేదు. మధు గచ్చు మీదే కూర్చుని, పడ్డప్పుడు చిట్లిన పెదవిని నాలుకతో తడుముకుంటున్నాడు.

"వద్దు," అన్నాడు మధు. "ఆయన చెయ్యి నా మీద పడద్దు. పోతె పోనీ కన్ను."

"పోనీ అనకు," అంది సుహాసిని. గొంతు పెంచింది. "పోనీ అనే హక్కు నీకు లేదు. ఆ కన్ను కోసం నేనేమేమి మాటలు పడ్డనో నీకెరుకనా? అందరు నన్ను ఏమేమన్నరో నీకెరుకనా? నువ్వు పోనీ అంటె నేను పడ్డదంత దేనికి?"

మధు కంటి మీది చేతులు దించాడు.

"సబ్బుతోటి చేతులు కడుక్కరా," అంది భర్త వైపు చూడకుండా.

భరత్ వెళ్లాడు. బయట నల్లా తిప్పిన చప్పుడు. తిరిగొచ్చాడు.

"మళ్లొక్కసారి కడుగు. నా నెత్తురింకా ఉన్నది గోర్లల్ల."

అతను మళ్లీ వెళ్లాడు.

మధును వాకిట్లోకి తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టారు. వెలుతురు తగలగానే వాడు మూలిగాడు. సారంగపాణి వెనుక నిలబడి మోచేతులతో తల అదిమి పట్టాడు. సుహాసిని సీలు తియ్యని తాగేనీళ్ల బాటిల్‌ను పళ్లతో తెరిచి రబ్బరు గిన్నెను తడిపింది.

"ఎడమచేతి బొటనవేలు కింది రెప్ప మీద. చూపుడువేలు పై రెప్ప మీద. ఇప్పు."

భరత్ వేళ్లు రెప్పల మీద పడ్డాయి. మధు ఒళ్లంతా బిగుసుకుంది.

"ఇంక దగ్గరికి వంగు."

"వంగిన."

"ఇంక."

భరత్ వంగాడు. తమ్ముని ఊపిరి ముఖానికి తగిలింది. ఉల్లిగడ్డ వాసన, చెమట వాసన. ఆ కన్నుకూ అతని కంటికీ మధ్య ఇప్పుడు జానెడు దూరం కూడా లేదు. తెల్లగుడ్డు కాకరపండు లోపలి గింజలంత ఎర్రగా ఉంది. అద్దం కింద నీళ్లు మబ్బుగా ఉన్నాయి. ఆ మబ్బు వెనక నల్లగుడ్డు దిక్కులేకుండా తిరుగుతోంది.

"ఇంత దగ్గరనా?" అన్నాడు భరత్.

"దూరంకెళ్లి పెట్టొస్తదనుకున్నవా?"

అతను ఏదో అనబోయాడు.

"నాతోటి మాట్లాడకు. కన్ను చూడు. నడుమ పెట్టకు, గట్టిగ అతుక్కుంటది, గుంజితె గుడ్డు పోతది. కింది అంచుకు పెట్టు. ఆ. జర ఒత్తు. ఇప్పుడు బయటికి, మీదికి. గుంజకు! లేపు. కుండ మీది మూత లేపినట్టు."

అద్దం రాలేదు. మధు గొంతులోంచి వచ్చిన చప్పుడుకు చిలుకమ్మ చెవులు మూసుకుంది.

"రాదు. వస్తలేదు."

"వస్తది. కింద రెప్పను వేలితోటి అంచు కిందికి నూకు. గాలి పోవాలె లోపటికి. గాలి పోతెనే ఇడుస్తది."

భరత్ నుదుటి నుంచి చెమట కారి చెంప మీది నీలాన్ని కలుపుకుని గడ్డం దాకా వచ్చింది. వేలు నూకాడు. సన్నని చప్పుడు. అద్దం లేచింది. లోపలి నీళ్లు అతని అరచేతిలో పడ్డాయి.

"నీళ్లు పొయ్యి కంట్లె. బాటిల్ మొత్తం పొయ్యి."

పోశాడు. మధు తల వంచుకుని, నీళ్లు కారుతుండగా, రెప్ప కొంచెం విప్పాడు. భరత్ చూశాడు. నల్లగుడ్డు మీద పొగ పట్టినట్టుంది.

"కనవడ్తాందారా?"

"ఎండ తెలుస్తాంది."

"నేను కనవడ్తాన్ననా?"

"ఎండ తెలుస్తాందని చెప్పిన గద."

భరత్ వాకిట్లో అలాగే చతికిలబడ్డాడు. అద్దం అతని చేతిలోనే ఉంది. సుహాసిని ఎడమచేత్తో దాన్ని తీసుకుని డబ్బాలో పెట్టింది.

సారంగపాణి లోపలికి వెళ్లి అల్మారీలోంచి ఉప్పునీళ్ల తెల్ల సీసా తెచ్చాడు. అడుగున కొంచెం ఉంది. వేలు తడిపి నాలుక మీద పెట్టుకున్నాడు. రంగు తొట్టిలో ఉప్పు చాలిందో లేదో రోజూ అలాగే చూస్తాడు.

వేలు నోట్లోంచి తీయడానికి ఆలస్యమైంది.

చేదు. వంట ఉప్పుకు ఉండని చేదు. నాలుక మీద చల్లగా పాకే చేదు. కొట్టంలో మూల బస్తాలో ఉన్న, నూలుకు రంగు నిలవడానికి వేసే ఉప్పుదే ఆ చేదు.

నిన్న మధ్యాహ్నం చిలుకమ్మ కొట్టంలోకి వచ్చింది. ఇంటికి దిష్టి తాకింది, తీసి పారేస్త, పిడికెడు ఉప్పియ్యి అంది. అతను తల ఎత్తకుండా బస్తాలోంచి పిడికెడు తీసి కొంగులో పోశాడు. అంగడి ఉప్పుల మట్టి ఉంటది, మా ఉప్పుల ఉండదు, పట్టిన రంగును చచ్చేదాక ఇడువదు. ఈ మాట అతను వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పేవాడు. ఆమె ఇన్నేళ్లూ వింది. భరత్ తన్నగా ఒలికిన సీసాను ఆమె ఆ ఉప్పు కలిపిన నీళ్లతో నింపింది. కొడుకులు మళ్లీ కొట్టుకోవద్దని నింపింది.

సారంగపాణి భార్య వైపు చూశాడు. చిలుకమ్మ అతని వేలు వైపు చూస్తోంది. ఆమె తల అడ్డంగా ఊపింది, కనీకనబడకుండా.

ఆయన సీసాను గుప్పిట్లోకి తీసుకున్నాడు.

సుహాసిని ఫోన్ చేస్తే ఆటో డ్రైవర్ ఉపేందర్ సందు మొగదలకు వచ్చి, అక్కడి నుంచి ఆటోను వెనక్కి నడుపుకుంటూ గుమ్మం దాకా తెచ్చాడు. ఆమె చేయి చూసి ఇంజన్ ఆపాడు.

"ఏమైందక్కా?"

"ఆపకు. చాలు చేసే ఉంచు. హన్మకొండ కండ్ల దవాఖానకు."

మధును చేయి పట్టుకుని ఎక్కించింది. భరత్ లేచి వచ్చాడు.

"నేను గూడ వస్త."

"నువ్వు రావద్దు."

"నీ చెయ్యి గూడ చూపియ్యాలె గద." ఆగాడు. గొంతు తగ్గించాడు. "అడిగితె పంజా జారి పడ్డదని చెప్పు. ఇంటి పరువు..."

"కన్ను చూపించినంక ఠాణాకు పోత," అంది సుహాసిని.

ఆటో ఇంజన్ ఒక్కటే కొట్టుకుంటోంది.

"పో," అన్నాడు భరత్. నీలం మరకల కింద ముఖం తెల్లబడింది. "పోయి ఏం చెప్తవ్? అవ్వ అందరు ఇనంగ చెప్పింది జారి పడ్డదని. బాపు నడుమల వచ్చిండు. ఎవడు చూసిండు నేను కొట్టంగ?"

"నేను," అన్నాడు మధు.

"నీకు కండ్లే కనవడయి గదరా!"

"చూడలే. ఇన్న." మధు ముఖం అన్న వైపు లేదు, ఆటో రేకు వైపు ఉంది. "అద్దం రాకముందు ఎన్నేండ్లు సప్పుళ్లతోటే బతికిన అన్నా. పంజా జారితె మొదలు గచ్చు మీద పడుతది. ఇయ్యాల మొదలు కర్ర మీద పడ్డది. కర్రకంటె ముందు వదినె వేళ్ల మీద పడ్డది. ఆ సప్పుడు ఏ పోలీసోడు అడిగినా చెప్త."

భరత్ గుమ్మం పట్టుకున్నాడు.

"మామా," అంది సుహాసిని, "ఆ సీస ఇయ్యి. దాంట్ల ఏమున్నదో డాక్టర్‌కు తెల్వాలె. తెలిస్తెనే సరైన మందు పోస్తడు. తెల్వక వేరేది పోస్తె ఉన్న వెలుతురు గూడ పోతది."

"ఏముంటది బిడ్డా, నీళ్లే," అంది చిలుకమ్మ గబగబా.

"నీళ్లయితె కన్ను ఇట్ల కాదు అత్తమ్మా."

సారంగపాణి వీపు వాళ్ల వైపు ఉంది. తిరిగాడు. సీసా చాపాడు. మధు తడుముకుంటూ చేయి చాచి అందుకున్నాడు. తండ్రి అరచేయి తగిలింది. తడిగా ఉంది.

సీసా తేలిగ్గా ఉంది. మధు చెవి దగ్గర పెట్టి ఊపాడు. చప్పుడు లేదు.

"బాపూ, దీంట్ల ఏం లేదు."

"ఒలికిపోయింది," అన్నాడు సారంగపాణి.

సుహాసిని మామ కాళ్ల దగ్గర చూసింది. గచ్చు మీద తడి మరక. ఎండకు అంచులు అప్పుడే తెల్లబడుతున్నాయి. ఆమె అడగబోయింది. మధు పళ్లు బిగించి మూలిగాడు. ఆమె నోటి దాకా వచ్చిన మాట ఆగిపోయింది.

"ఉపేందర్, పోనియ్యి," అంది సుహాసిని.

ఆటో కదిలింది. మట్టెవాడ సందు ఇరుకు, గుంతలు. ప్రతి గుంతకూ ఆమె వేళ్లలోంచి నొప్పి భుజం దాకా వచ్చింది. మధు ఆమె కొంగు చివర పట్టుకుని కూర్చున్నాడు, చిన్నపిల్లలు పట్టుకున్నట్టు.

"అక్కా," అన్నాడు ఉపేందర్ బండి అద్దంలోకి చూస్తూ. "మీ అత్త ఉరికొస్తాంది. ఆపాల్నా?"

సుహాసిని డ్రైవర్ పక్క అద్దంలో చూసింది. చిలుకమ్మ చెప్పులు లేకుండా పరుగెత్తుతోంది. ఒక చేయి పైకెత్తి ఊపుతోంది. రెండో చేతిలో కొంగు ముడి. ఏదో అరుస్తోంది. ఇంజన్ చప్పుడుకు మాట తెలియడం లేదు.

ఆమె వెనుక సారంగపాణి. ఆయన పరుగెత్తడం ఎవరూ చూసి ఉండరు. అందుకున్నాడు. కొంగు పట్టుకుని వెనక్కి గుంజాడు. చిలుకమ్మ పెనుగులాడింది, భర్త చేతి మీద కొరికింది. ఆయన వదల్లేదు. గుడ్డ చిరిగింది. ముడి విడిపోయింది.

తెల్లగా ఏదో రోడ్డు మీద చిందింది.

పిండి కాదు. బియ్యం కాదు. ఎండలో గాజులా మెరిసింది. సుహాసిని ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి రంగుల కొట్టంలోని ఆ ఉప్పును రోజూ తొక్కుతూనే ఉంది.

"ఎవరొదినా? అవ్వనా?" అన్నాడు మధు. "ఏమంటాంది?"

అద్దంలో సారంగపాణి నీలం చేతులతో భార్య నోరు మూశాడు. కాలితో ఆ తెలుపును మోరీలోకి నూకుతున్నాడు.

"ఆపు," అంది సుహాసిని.